చలికాలం సైకిల్ బట్టలు: తూకం వేసి రాసుకున్న డైరీ

మొదటి రోజు. 9 డిగ్రీలు, గాలి లేదు

ఈ చలికాలం సైకిల్ ఆపకూడదని గట్టిగా అనుకున్నాను. పోయిన రెండేళ్లూ చలి ముదరగానే సైకిల్ని గోడకి చేరవేశాను. మళ్లీ బయటికి తీసేసరికి కాళ్లలో సత్తువ సగం పోయి ఉండేది. ఎందుకు ఆపేశావని ఎవరైనా అడిగితే "చలి" అనేదాన్ని. ఆ చలి ఒంట్లో ఎక్కడ మొదలైంది, ఏ నిమిషంలో మొదలైంది, అప్పుడు ఒంటి మీద ఏముంది అన్నది మాత్రం ఒక్కరోజూ రాసుకోలేదు. ఈసారి రాస్తాను.

దారి ఇదీ: ఇంటి నుంచి ఆఫీసుకి 14 కిలోమీటర్లు, తెల్లవారుజామున. మొదటి 5 చదును, తర్వాత 3 మిట్ట, దాని అవతల 3 దిగుడు, చివరి 3 మళ్లీ చదును. మొత్తం ముప్పావు గంట.

ఈ రోజు వేసుకున్నవి: నూలు టీషర్టు, దాని మీద ఉన్ని స్వెట్టర్, పైన రెయిన్ కోట్. కింద ట్రాక్ ప్యాంటు, చేతులకి అల్లిక గ్లౌజులు. గుమ్మం దగ్గర హాయిగా వెచ్చగా ఉంది. మిట్ట సగం ఎక్కేసరికి వీపంతా చెమట. పైకి చేరి దిగుడు మొదలైన అర నిమిషంలో, చన్నీళ్లలో ముంచిన తువ్వాలు ఎవరో వీపు మీద పరిచినట్టయింది. ఆఫీసు చేరాక హెల్మెట్ బకిల్ విప్పడానికి వేళ్లు రాలేదు, కొంకర్లు పోయాయి. బొటనవేలిని అరచేతితో నొక్కి విప్పుకున్నాను.

తొమ్మిది డిగ్రీలకే ఇలా ఉంటే సున్నాకి ఏమవుతుందో అని టెన్షన్ పట్టుకుంది.

రెండో రోజు. 8 డిగ్రీలు

నిన్నటి బట్టలే వేసుకున్నాను, కావాలనే. ఇంట్లోని తూకం మెషీన్ మీద బయల్దేరే ముందు ఒక్కో బట్టనీ తూచాను. ఆఫీసుకి వెళ్లి వెంటనే తూచడం కుదరదు కాబట్టి, మిట్ట ఎక్కి దిగి, అంతే దూరం చుట్టు తిరిగి ఇంటికే వచ్చి తూచాను.

టీషర్టు 168 గ్రాముల నుంచి 251 గ్రాములైంది. స్వెట్టర్ 37 గ్రాములు పెరిగింది. రెయిన్ కోట్ లోపలి వైపు చేత్తో తడిమితే చినుకుల్లా నీళ్లున్నాయి, అవి 19 గ్రాములు. మొత్తం 139 గ్రాముల చెమటని ఒంటి మీద మోసుకుంటూ పల్లం దిగానన్నమాట.

నీరు గాలి కంటే దాదాపు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. పైగా ఒక్కో గ్రాము చెమట ఆవిరవడానికి అర కిలోక్యాలరీకి పైగా వేడి కావాలి. ఆ 139 గ్రాములూ ఒంటి వేడితోనే ఆరాలంటే 80 కిలోక్యాలరీలు దానికే పోతాయి. నన్ను వణికించింది నా చెమటే. బయటి చలి దానికి తోడైంది.

ఐదో రోజు. 5 డిగ్రీలు

ఈ రోజు తొక్కలేదు, కూర్చుని లెక్కలు వేశాను.

తొక్కేటప్పుడు మన ఒళ్లు ఖర్చు చేసే శక్తిలో పెడల్‌కి చేరేది 20 నుంచి 25 శాతమే, మిగతాదంతా వేడి. మిట్ట మీద 180 వాట్లతో తొక్కితే ఒంట్లో 500 వాట్లకి పైగా వేడి పుడుతుంది. చిన్న రూమ్ హీటర్ని కడుపులో పెట్టుకుని ఎక్కుతున్నట్టే. అదే సమయంలో వేగం గంటకి 10 కిలోమీటర్లే, ఆ వేడిని తీసుకెళ్లడానికి గాలి ఉండదు. దిగుడులో అంతా తలకిందులు. తొక్కడం ఆపేస్తాం కాబట్టి వేడి 100 వాట్ల దరిదాపుల్లోకి పడిపోతుంది, గాలేమో 40 వేగంతో ఛాతీకి కొడుతుంది.

గాలి వల్ల చలి ఎంత పెరుగుతుందో మొదట కొలిచింది పాల్ సైపుల్, చార్లెస్ పాసెల్ అనే ఇద్దరు పరిశోధకులు. అంటార్కిటికాలో నీళ్లు నింపిన ప్లాస్టిక్ గొట్టాన్ని గాలికి పెట్టి, ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూశారు. 1945లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. ఇప్పుడు వాడే సూత్రం 2001లో అమెరికా, కెనడా కలిసి తెచ్చింది. దాని ప్రకారం 5 డిగ్రీల చలి, 10 వేగం గాలికి 3 డిగ్రీల్లా అనిపిస్తుంది. 25కి సున్నా దగ్గరికి వస్తుంది. 40కి మైనస్ 1. ఆ సూత్రం మొహం చర్మానికి వేసిన లెక్క, పైగా గాలిని 10 మీటర్ల ఎత్తులో కొలిచినట్టుగా తీసుకుంటారు. అందుకని సైకిల్ మీద దాన్ని అంకెకి అంకెగా నమ్మను, దిశ మాత్రం తీసుకుంటాను.

ఈ లెక్కలు చూశాక నేను వెతకాల్సిన బట్ట ఏదో తెలిసింది. పది నిమిషాల తేడాలో హీటర్ పక్కన ఉన్నట్టూ, ఫ్యాన్ ముందు నిలబడ్డట్టూ ఉండే ఒంటికి సరిపోవాలి. ఎంత మందం అన్నదాని కంటే, ఎంత సులువుగా తెరుచుకుని మూసుకుంటుంది అన్నది ముఖ్యం.

ఎనిమిదో రోజు. 6 డిగ్రీలు

నూలు టీషర్టుని పక్కన పెట్టాను. ఒంటిని అంటిపెట్టుకుని ఉండే బేస్ లేయర్లు రెండు తెచ్చుకున్నాను, ఒకటి పాలియెస్టర్, ఒకటి మెరినో ఉన్ని. స్వెట్టర్, రెయిన్ కోట్ మార్చలేదు. ఒకేసారి రెండు మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

పాలియెస్టర్ 118 నుంచి 131 గ్రాములైంది. 13 గ్రాములే పెరిగిందని ఎగిరి గంతేశాను. తర్వాత స్వెట్టర్ని తూచాను, 61 గ్రాములు పెరిగింది. కోటు లోపల 30. చెమట ఎక్కడికీ పోలేదు, చర్మం మీద నుంచి పై పొరలోకి మారింది, అక్కడ రెయిన్ కోట్ ఆపేసింది. అయినా దిగుడులో వీపుకి తగిలిన చలి బాగా తగ్గింది, ఎందుకంటే చర్మానికి తగిలే పొర పొడిగా ఉంది.

మర్నాడు మెరినో. పాలియెస్టర్ నీటిని తనలో ఒక శాతం కూడా పీల్చుకోదు. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు ఆవిరిని పీచు లోపలికి తీసుకుని కూడా తడిగా అనిపించదు. నాకూ అలాగే ఉంది, 34 గ్రాములు పెరిగినా ఒంటికి చెమ్మ తెలియలేదు. కానీ ఆరడానికి ఎక్కువసేపు పట్టింది. వాసన విషయంలో మాత్రం మెరినోకి తిరుగు లేదు, మూడు రోజులు వేసినా ఇబ్బంది లేదు. గంట లోపు గట్టిగా తొక్కే రోజుకి పాలియెస్టర్, ఆగి ఆగి నెమ్మదిగా పోయే రోజుకి మెరినో అని రాసుకున్నాను.

ఆడవాళ్ల కోసం ఒక మాట, దీని గురించి ఎవరూ చెప్పరు. మంచి బేస్ లేయర్ వేసినా ఛాతీ కింద చల్లటి పట్టీ కట్టినట్టే ఉంటోంది. విప్పి చూస్తే స్పోర్ట్స్ బ్రాలోని ప్యాడ్ నీళ్లు పట్టి ఉంది, లోపలి అస్తరు నూలు. ప్యాడ్ లేని, త్వరగా ఆరే బట్టతో కుట్టినది వేసుకున్న రోజు ఆ పట్టీ మాయమైంది. లోపలి నుంచి మొదటి పొర అదే, మిగతావన్నీ దాని తర్వాతే.

పదకొండో రోజు. 4 డిగ్రీలు

మిట్ట మీద అక్క కలిసింది. ఎన్నో ఏళ్లుగా ఏ చలికాలమూ మానకుండా తొక్కుతున్న మనిషి. నా కోటు చూడగానే, "ఏమ్మా, గుమ్మం దగ్గర వెచ్చగా ఉందా?" అంది.

"బాగా ఉందక్కా."

"అయితే ఎక్కువ వేసుకున్నావు. బయల్దేరినప్పుడు కాస్త వణకాలి. పదిహేనో నిమిషానికి సరిపోయేలా వేసుకోవాలి గానీ, మొదటి నిమిషానికి కాదు."

తను వేసుకున్నది చూపించింది. చేతుల్లేని పల్చటి విండ్ చీటర్, ముందు భాగం గాలి చొరనిది, వెనక వల బట్ట. ఛాతీకి గాలి ఆగుతుంది, వీపు నుంచి ఆవిరి పోతుంది. మిట్ట మొదట్లో జిప్పు బొడ్డు దాకా దించేసింది. శిఖరానికి వంద అడుగుల ముందు, ఇంకా వేడిగా ఉన్నప్పుడే, గొంతు దాకా లాగేసింది. "దిగడం మొదలెట్టాక లాగుదామనుకుంటే అప్పటికే ఆలస్యం" అంది. ఆ జిప్పు కొసకి ఒక తాడు ముక్క కట్టి ఉంది, మందపాటి గ్లౌజులతో కూడా దొరికేలా. నేను కూడా ఆ రాత్రే నా జిప్పులన్నిటికీ కట్టాను.

పదమూడో రోజు. 4 డిగ్రీలు

అలాంటి విండ్ చీటరే వేసుకుని తూచాను. లోపల పాలియెస్టర్, దాని మీద లోపలి వైపు నూగు ఉన్న పొడుగు చేతుల జెర్సీ, పైన ఇది. మూడింట్లో కలిపి పెరిగింది 46 గ్రాములు. మొదటి వారంలో 139. అప్పటి కంటే చలి ఎక్కువ, బట్ట మందం తక్కువ, అయినా దిగుడులో వణకలేదు. మొదటి పది నిమిషాలు మాత్రం నిజంగా చలేసింది, అది భరించాల్సిందే.

వేసుకుని చూసేటప్పుడు తెలిసిన సంగతి: అద్దం ముందు నిటారుగా నిలబడి చూస్తే ఏ బట్టైనా సరిపోయినట్టే ఉంటుంది. హ్యాండిల్ పట్టుకున్నట్టు ముందుకి వంగి, చేతులు చాచి చూడాలి. నా పాత స్వెట్టర్ అలా వంగగానే నడుము దగ్గర నాలుగు వేళ్ల మేర పైకి పోతోంది, మణికట్టు బయటపడుతోంది.

పదహారో రోజు. 5 డిగ్రీలు, వాన

రెయిన్ కోట్ని పూర్తిగా తిట్టడానికి లేదు. ఈ రోజు అదే కాపాడింది. గడ్డకట్టే చలి కంటే 5 డిగ్రీల వానే ప్రమాదమని అర్థమైంది, మంచు అయితే దులిపితే రాలిపోతుంది, వాన ఇంకుతుంది. ఆవిరిని బయటికి పోనిచ్చే పొర ఉన్న మంచి రెయిన్ కోటైనా పై బట్ట నీళ్లు పట్టేస్తే లోపలి ఆవిరి బయటికి పోదు. నీళ్లు ముత్యాల్లా జారకుండా బట్టలోకి ఇంకుతున్నాయంటే ఉతకాల్సిన సమయం వచ్చినట్టు. ఫ్యాబ్రిక్ సాఫ్టెనర్ మాత్రం వేయకూడదు, కోటుకీ బేస్ లేయర్‌కీ రెండింటికీ అది చేటు.

ఇరవయ్యో రోజు. 2 డిగ్రీలు. చేతులు

దీని మీదే ఎక్కువ రోజులు పట్టింది.

మొదట మందపాటి గ్లౌజులు తెచ్చాను. వేళ్లు బిగుతుగా పట్టి, బ్రేకు నొక్కితే చివర్లు ఒత్తుకుంటున్నాయి. అరగంటలో మునివేళ్లు తెల్లబడ్డాయి. ఒక సైజు పెద్దవి వేసుకుంటే నయం, వేలి చుట్టూ నిలిచిన గాలే వెచ్చదనం ఇస్తుంది, దాన్ని నలిపేస్తే ఎంత మందం ఉన్నా దండగ.

తర్వాత ఒక ప్రయోగం చేశాను. అవే గ్లౌజులు, అదే 2 డిగ్రీలు, వరసగా రెండు రోజులు. మొదటి రోజు పైన విండ్ చీటర్ లేకుండా జెర్సీతో. రెండో రోజు విండ్ చీటర్‌తో, పైగా మణికట్టు మీద జెర్సీ చేతిని గ్లౌజు లోపలికి దోపి. మొదటి రోజు 22వ నిమిషానికి వేళ్లు మొద్దుబారాయి. రెండో రోజు చివరిదాకా బకిల్ నేనే విప్పుకోగలిగాను. గ్లౌజు మారలేదు, మారింది ఛాతీ, మణికట్టు. ఒంటి మధ్యభాగం చల్లబడుతోందని తెలియగానే శరీరం గుండె, ఊపిరితిత్తులు, మెదడుని కాపాడుకోవడానికి వేళ్లలోని రక్తనాళాలని బిగించేస్తుంది. రక్తం రాని వేలికి ఎన్ని గ్లౌజులు వేసినా వెచ్చబడదు, వేడి తెచ్చేది రక్తమే. మణికట్టు దగ్గర రక్తనాళాలు చర్మానికి దగ్గరగా ఉంటాయి, అక్కడ రెండు వేళ్ల సందు కూడా వదలకూడదు.

వేళ్ల సంగతి తేలిగ్గా తీసుకోకూడదనడానికి బెల్జియంలో జరిగిన 1980 లీజ్-బాస్టోన్-లీజ్ సైకిల్ పందెమే సాక్ష్యం. మంచు తుఫాన్లో 174 మంది బయల్దేరితే 21 మందే చివరిదాకా వచ్చారు. ఫ్రాన్స్ ఆటగాడు బెర్నార్ ఇనో తొమ్మిది నిమిషాలకి పైగా తేడాతో గెలిచాడు, కానీ కుడిచేతి రెండు వేళ్లు మళ్లీ మామూలుగా కదలడానికి వారాలు పట్టింది.

సున్నాకి దగ్గరయ్యాక ఐదు వేళ్ల గ్లౌజు మానేశాను. రెండేసి వేళ్లు కలిసి ఉండే పీత కాళ్ల లాంటి గ్లౌజులు వాడుతున్నాను, వేళ్లు ఒకదానికొకటి వెచ్చదనం ఇచ్చుకుంటాయి, బ్రేకూ నొక్కొచ్చు. ఇంకా చలి పెరిగితే హ్యాండిల్‌కే తొడిగే పెద్ద తొడుగులు ఉన్నాయి, అందులో చెయ్యి పెడితే లోపల పల్చటి గ్లౌజు చాలు.

ఇరవై ఆరో రోజు. 1 డిగ్రీ. పాదాలు

రెండు జతల సాక్సులు వేస్తే పాదాలు ఇంకా చల్లబడ్డాయి. గ్లౌజుల పాఠమే ఇక్కడా. బూటు బిగుసుకుని రక్తం ఆడలేదు. ఒక్క ఉన్ని సాక్సుకి మారి, బూటు తాళ్లు వదులు చేస్తే వేళ్లు ఆడించడానికి చోటు దొరికింది.

అప్పుడు కూడా అరికాలి కింద నాణెం అంత చోట మంచుముక్క పెట్టినట్టుంది. బూటు లోపలి మెత్త తీసి చూస్తే కారణం కనబడింది. క్లీట్ (బూటుని పెడల్‌కి పట్టించే ముక్క) బిగించిన చోట అడుగున రంధ్రం, అందులో లోహపు పలక, మరలు. లోహం నేరుగా పెడల్ నుంచి చలిని లోపలికి తెస్తోంది. రంధ్రం మీద టేపు వేసి, మెత్త కింద అల్యూమినియం రేకు అంటించిన ఫోమ్ ముక్క కత్తిరించి పెట్టాను. బూటు ముందు వల ఉన్న చోట లోపలి నుంచి టేపు. పైన నియోప్రీన్ తొడుగు. నాలుగింటిలో ఎక్కువ తేడా తెచ్చింది ఆ ఫోమ్ ముక్కే.

ముప్పయ్యో రోజు. 0 డిగ్రీలు

కాళ్లకి పెద్ద గొడవ లేదు, అవి పనిచేస్తూనే ఉంటాయి. మోకాళ్లు మాత్రం వేరు. అక్కడ కండ తక్కువ, గాలి నేరుగా కొడుతుంది. 15 డిగ్రీల కంటే తగ్గితే నేను మోకాళ్లు కప్పుతాను. ప్యాడెడ్ షార్ట్స్ మీద ప్యాడ్ లేని టైట్స్ వేస్తే సరిపోతుంది, రెండు ప్యాడ్లు ఒకదాని మీద ఒకటి వద్దు, ఒరుసుకుపోతుంది.

తలకి మంకీ క్యాప్ వేసి చూశాను, హెల్మెట్ పైకి లేచిపోయింది. అలా తొడుక్కుంటే హెల్మెట్ రక్షణ ఇవ్వదు. చెవులు కప్పే పల్చటి టోపీ చాలు. మెడకి గొట్టంలాంటి బఫ్.

1988లో ఇటలీలో రోజుల తరబడి సాగే జిరో ద ఇటాలియా సైకిల్ పందెంలో, జూన్ 5న గావియా కనుమ మీద మంచు కురిసిన సంగతి ఈ మధ్యంతా తలపుకి వస్తోంది. అమెరికా ఆటగాడు ఆండీ హాంప్‌స్టెన్ జట్టు ముందే వెచ్చటి బట్టలు, గ్లౌజులు కొని దారిలో అందించడానికి సిద్ధంగా పెట్టింది. ఆ రోజే అతను మొత్తం పందెంలో ముందున్నవాడికిచ్చే గులాబీ జెర్సీ అందుకున్నాడు, చివరికి పందెమూ గెలిచాడు. పొట్టి చేతుల జెర్సీతో కనుమని అందరికంటే ముందు దాటిన యోహాన్ వాన్ డెర్ వెల్డె దిగుడులో ఒళ్లు గడ్డకట్టి ఆగిపోయాడు, ముప్పావు గంటకి పైగా వెనకబడి గమ్యం చేరాడు. ఎక్కడంలో అతని బట్టలు సరైనవే. దిగడానికి మాత్రం ఏమీ లేవు. నా 3 కిలోమీటర్ల మిట్టకీ అదే కొలత వర్తిస్తుంది, అందుకే వెనక జేబులో ఎప్పుడూ మడిచిన పల్చటి విండ్ చీటర్ ఇంకొకటి ఉంటుంది, పొడుగు చేతులది.

ముప్పై ఐదో రోజు. మైనస్ 3

ఈ చలికాలంలో ఇప్పటిదాకా ఇదే ఎక్కువ చలి. మెరినో, నూగు జెర్సీ, ముందు గాలి చొరని జాకెట్, పీత గ్లౌజులు, బూటు తొడుగులు. ఒంట్లో ఎక్కడా వణుకు లేదు. ఇబ్బంది ఊహించని చోట వచ్చింది: బఫ్‌ని ముక్కు మీదికి లాగి పెట్టుకుంటే ఊపిరిలోని తేమ అందులో గడ్డకట్టి, బట్ట అట్టలా బిగుసుకుంది. ఆవిరి పైకి పోయి కళ్లద్దాలు మసకబారాయి. ముక్కు కిందికి లాగి, గడ్డం మాత్రం కప్పి, ముక్కుతో ఊపిరి వదిలితే తగ్గింది.

శిఖరం దగ్గర రోడ్డు నల్లగా మెరుస్తోంది, పల్చటి మంచుగడ్డ. సైకిల్ దిగి పల్లమంతా నడిపించుకుంటూ వెళ్లాను. బట్టలు ఎంత బాగున్నా జారే రోడ్డుకి సమాధానం కావు. నడిచినంతసేపటికీ జేబులోని పొడుగు చేతుల విండ్ చీటర్ తీసి వేసుకున్నాను, లేకపోతే ఒళ్లు చల్లబడిపోయేది.

ముప్పై ఎనిమిదో రోజు. 3 డిగ్రీలు

కనబడటం గురించి. నా జాకెట్ నియాన్ పసుపు. పగలు బాగా పనిచేస్తుంది, చీకట్లో ఆ రంగుకి విలువ లేదు, ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలితేనే అది అలా మెరుస్తుంది. చీకట్లో కావాల్సింది కారు లైటుని తిప్పికొట్టే పట్టీలు. వాటిని చీలమండలకి, మోకాళ్లకి కట్టాను. పైకీ కిందికీ కదిలే కాళ్లని చూడగానే డ్రైవర్‌కి అక్కడ మనిషి ఉన్నాడని తెలుస్తుంది.

నలభై రెండో రోజు. 2 డిగ్రీలు

తలుపు వెనక ఒక కాగితం అంటించాను. పొద్దున్నే నిద్రమత్తులో ఆలోచించక్కర్లేకుండా. 10 దాటితే బేస్ లేయర్, జెర్సీ, జేబులో విండ్ చీటర్. 5 నుంచి 10 అయితే నూగు జెర్సీ, చేతుల్లేని విండ్ చీటర్, పూర్తి వేళ్ల గ్లౌజులు. 0 నుంచి 5 అయితే వాటితో పాటు బూటు తొడుగు, చెవుల టోపీ, పీత గ్లౌజులు. సున్నా దిగితే జాకెట్, ముందు రోడ్డు చూడాలి. వాన ఉంటే ఏ వరసకైనా రెయిన్ కోట్. ఇవి నా ఒంటికి, నా వేగానికి కుదిరిన అంకెలు. అక్క ఇదే చలికి నాకంటే ఒక పొర తక్కువ వేస్తుంది.

ఇంకా తేలనిది ఒకటుంది. పొద్దున తడిసిన గ్లౌజులు సాయంత్రానికి ఆఫీసులో పూర్తిగా ఆరడం లేదు, లోపలి అస్తరు చెమ్మగానే ఉంటోంది. తిరుగు ప్రయాణంలో వేళ్లు మొద్దుబారిన మూడు సార్లూ ఇదే కారణం. రేపటి నుంచి సంచిలో ఇంకో పొడి జత పెట్టుకుంటాను. తడి జతలో పాత కాగితాలు కూరి చూస్తాను. పొద్దున, సాయంత్రం రెండుసార్లూ తూచాలి.